చిన్న సొంత వెబ్ సర్వర్‌కి డిస్కు ఎట్ల పంచుకోవాలి? (256 జీబీ ఎస్‌ఎస్‌డీ + 1 టీబీ పాత హార్డ్ డిస్కు)

చిత్రావతి · అనంతపురం

అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి దొరికింది, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇంట్లో ఊరికే పడున్న 1 టీబీ హార్డ్ డిస్కు కూడా దాంట్లోనే తగిలించినా. దీన్నే వెబ్ సర్వర్ చేసి సొంత సైటు నడపాలని. సైట్లో పెద్దగా ఏం లేదు, లేపాక్షి, గుత్తి కోట, పెనుకొండ, తాడిపత్రి గుళ్లు తిరిగి తీసిన ఫోటోలు 60 జీబీ దాకా ఉన్నాయి, వాటి పక్కన రాసుకున్న రాతలు, వర్డ్‌ప్రెస్, మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ లోంచి పుట్టిన డేటాబేసు), ఎంజిన్‌ఎక్స్ (పేజీలు పంపే వెబ్ సర్వర్ ప్రోగ్రాం), అంతే. రోజుకి వందమంది చూస్తే పండగ.

ఉబుంటు సర్వర్ 24.04 వేసినా, ఇన్‌స్టాలర్ ఏమడిగితే దానికి ఎంటర్ కొట్టుకుంటూ పోయినా. అంతా అయినాక డీఎఫ్ -హెచ్ (జాగా ఎంతుందో చూపే కమాండు) కొడితే రూట్ (సిస్టం అంతా ఉండేది) 98 జీ అంటాంది. మిగతా నూరుకి పైగా ఏడికి పోయినట్టు? ఎస్‌ఎస్‌డీ ఏమన్నా డూప్లికేటా? ఇంకోటి, నెట్‌లో చూస్తే ఒకాయన /వార్ (రోజూ పెరిగే రికార్డులు, డేటాబేసు ఉండేది) వేరే పెట్టు, /హోమ్ (యూజర్ల ఫైళ్లు) వేరే పెట్టు, /టెంప్ (తాత్కాలిక ఫైళ్లు) వేరే పెట్టు అంటాడు, ఇంకొకాయన ఇవన్నీ పాతకాలం, అంతా ఒకటే పెట్టు అంటాడు. సైటు ఇంకా ఎక్కించలేదు, కాబట్టి మళ్లీ మొదట్నుంచి వేయమన్నా వేస్తా. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు జాగా) ఎంత, పాత డిస్కుని దేనికి వాడాలి అనేది కూడా చెప్పండి.

ఏడురోడ్లు · కడప

రోజుకి వందమంది చూసే సైటుకి ఇన్ని పార్టిషన్లు ఎందుకన్నా? ఒకటే రూట్, ఒక స్వాప్ ఫైలు, అయిపాయ. నేను క్లౌడ్‌లో చిన్న చిన్న వర్చువల్ సర్వర్లు నడుపుతాండా, అన్నీ ఒకటే పార్టిషన్, ఏ గొడవా లేదు. వేరే వేరే పెడితే ఏమైతాదంటే /వార్‌లో 3 జీబీ తక్కువ పడి ఏడుస్తాంటావు, పక్కన /హోమ్‌లో 40 జీబీ ఖాళీగా పడుంటాది. ఉన్న జాగా అందరూ వాడుకుంటే మేలు కదా. డిస్కు నిండుతాందని మెయిల్ వచ్చేలా ఒక చిన్న స్క్రిప్టు పెట్టుకో చాలు.

ఉగ్గానిబజ్జి · అనంతపురం

నూరు జీబీ మాయమైతే ముందు ఎస్‌ఎస్‌డీ అమ్మినోన్ని పట్టుకో అన్నా 😀 (ఉత్తుత్తికే అన్నా, జవాబు నాకూ కావాలి, నాకూ ఇట్లనే చూపిస్తాంది)

బురుజుకాడ · కర్నూలు

ఎస్‌ఎస్‌డీ అసలుదే, అమ్మినాయన్ని ఏమనొద్దు. 256 అని డబ్బా మీద ఉండేది వెయ్యిల లెక్క, సిస్టం 1024 లెక్కన చూపిస్తాది కాబట్టి 238 దాకా కనపడుతాది, అది మామూలే. మిగతాది ఉబుంటు ఇన్‌స్టాలరే కావాలని వదిలిపెట్టింది. ఎంటర్ కొట్టుకుంటూ పోతే అది ఎల్‌వీఎం పెడుతాది (జాగానంతా ఒక కుప్పగా పెట్టి కావాల్సినంత ముక్కలుగా ఇచ్చే పద్ధతి, కుప్పని వాల్యూమ్ గ్రూప్ అంటారు, ముక్కని లాజికల్ వాల్యూమ్, అంటే ఎల్‌వీ అంటారు), దాంట్లో రూట్‌కి ఎంత ఇయ్యాలనేదానికి దానికో లెక్క ఉంది. వాల్యూమ్ గ్రూప్ 200 జీబీ దాటితే రూట్‌కి 100 ఇచ్చి ఆపేస్తాది. 20 నుంచి 200 మధ్యలో ఉంటే సగం ఇస్తాది. 10 నుంచి 20 అయితే 10 ఇస్తాది. అంతకంటే తక్కువైతేనే మొత్తం ఇచ్చేది. నీది 238, దాంట్లో సిస్టం లేచేకి కావాల్సిన ఈఎఫ్‌ఐకి 1, /బూట్‌కి 2 పోయి 235 మిగిలింటాది, 100 రూట్‌కి పాయ, 135 ఎవరికీ ఇయ్యకుండా అట్లనే ఉంది. సుడో వీజీఎస్ అని కొట్టి చూడు, చివర్లో వీఫ్రీ అనే కాలం కింద 135 దగ్గర అంకె కనపడుతాది.

ఇది చూడంగానే చాలామంది చేసే పని ఏందంటే ఆ 135నీ గబగబా రూట్‌కి కలిపేస్తారు. నెట్‌లో వెతికితే మొదట దొరికే జవాబూ అదే. నువ్వు మాత్రం ఆ పని చెయ్యాకు. ఎక్స్‌టీ4ని (ఉబుంటు మామూలుగా వాడే ఫైల్ సిస్టం) పెంచాలంటే సర్వర్ నడుస్తాండంగనే ఒక్క కమాండుతో అయిపోతాది, తగ్గించాలంటే దాన్ని అన్‌మౌంట్ చేయాల (ఫోల్డర్‌కి తగిలించినదాన్ని విడదీయాల), రూట్ అయితే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి కూచోవాల. ఇచ్చేది సులువు, వెనక్కి తీసుకునేదే తలనొప్పి. అందుకే తక్కువ ఇచ్చి మొదలుపెట్టు, చాలనప్పుడు పెంచు.

కడప తమ్ముడు చెప్పిన 3 జీబీ తక్కువ, 40 జీబీ ఖాళీ అనే బాధ నిజమే, కానీ అది పాత పద్ధతిలో డిస్కుని గీతలు గీసి ముక్కలు చేసినప్పటి బాధ. ఎల్‌వీఎంలో ఖాళీ జాగా ఎవరి పేరా ఉండదు, ఎవరికి అవసరమైతే వాళ్లకి పోతాది.

చిత్రావతి · అనంతపురం

అవునన్నా, వీఫ్రీ కింద 135 దగ్గరే ఉంది! అంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని లేదా? ఇప్పుడు ఆ 135 లోంచి దేనికెంత ఇయ్యాల?

బురుజుకాడ · కర్నూలు

రూట్‌కి 100 అంటే ఎక్కువే, నీ సిస్టం మొత్తం పది పదిహేను జీబీలో సర్దుకుంటాది. సైటు ఇంకా ఎక్కించలేదంటాండావు కాబట్టి ఇంకొక్కసారి ఇన్‌స్టాల్ చేసేదే మేలు, ఎంతసేపు పడుతాది, కాఫీ తాగే అంత. ఈసారి డిస్కు స్క్రీన్ దగ్గర ఎంటర్ కొట్టకుండా, అదే ఎల్‌వీఎం ఉంచుకుని ఉబుంటు-ఎల్‌వీ సైజు 30 చేయి. మిగతావి తర్వాత కమాండుతో చేసుకోవచ్చు.

నేనైతే పెట్టేది: రూట్ 30, /వార్ 30, సైటు ఫైళ్లకి, ఫోటోలకి /ఎస్‌ఆర్‌వీ 80, స్వాప్ 4. మొత్తం 144. తొంభై దాకా ఎవరికీ ఇయ్యకుండా పెట్టుకో.

తుంగభద్రమ్మ · కర్నూలు

నాది కొంచెం వేరే మాట. ఎంతెంత అనేదానికంటే ముందు "ఏది తనంతట తానే పెరుగుతాది" అని చూసుకోవాలి. సిస్టం ఫైళ్లు ఒకసారి వేసినాక పెద్దగా పెరగవు. పెరిగేవి నాలుగే: లాగులు (ప్రోగ్రాంలు ఏం జరిగిందో రాసుకునే ఫైళ్లు), డేటాబేసు, జనాలు ఎక్కించే ఫైళ్లు, బ్యాకప్పులు. వీటిల్లో ఏది అదుపు తప్పినా రూట్‌ని ముంచకూడదు, పార్టిషన్లు వేరే చేసేది అందుకే.

నేను చూసిన ఒక ఆఫీసు సర్వర్‌లో ఇదే అయింది. ఏదో ప్లగిన్ సెకనుకి పదిసార్లు ఎర్రర్ రాసుకుంటూ పోయింది, అంతా ఒకటే పార్టిషన్. శనివారం రాత్రికి నిండిపోయింది. నిండినాక ఏమైతాదో తెలుసా? మైఎస్‌క్యూఎల్ చాలాసార్లు ఎర్రర్ ఇచ్చి పడిపోదు, జాగా వస్తాదేమో అని నిమిషానికొకసారి చూసుకుంటూ అట్లనే వేచి ఉంటాది. బయట్నుంచి చూసేవాళ్లకి సైటు గిరగిరా తిరుగుతాంటాది అంతే, లోడ్ ఎక్కువైందేమో అనుకుంటారు. పీహెచ్‌పీ సెషన్ ఫైలు రాసేకి జాగా లేదు కాబట్టి ఎవరూ లాగిన్ కాలేరు. అప్‌డేట్ చేద్దామన్నా ఏపీటీ మొరాయిస్తాది. /వార్/లాగ్ వేరేగా ఉండి ఉంటే లాగు రాసేది ఆగిపోయేది, సైటు నడిచేది.

అందుకే /వార్ మొత్తానికి 30 ఒకటే పెట్టకుండా, /వార్/లాగ్‌కి 5 జీబీ, /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్‌కి 10 జీబీ వేరేగా పెట్టమంటాను. మిగతా /వార్ రూట్‌లోనే ఉండనీ.

ఏడురోడ్లు · కడప

అక్కా, లాగులకి పార్టిషన్ ఎందుకు, లాగ్‌రొటేట్ (పాత లాగులు తీసేసేది) ఉంది కదా. జర్నల్‌డీకి (సిస్టం లాగులు దాచేది) కూడా దాని హద్దు దానికి ఉంది, ఫైల్ సిస్టంలో పదిశాతం దాటదు, ఎంత పెద్ద డిస్కైనా 4 జీబీ మించదు.

తుంగభద్రమ్మ · కర్నూలు

జర్నల్‌డీ సంగతి సరే తమ్ముడూ. లాగ్‌రొటేట్ మామూలుగా రోజుకొకసారి లేస్తాది. రోజు మధ్యలో ఒక ఫైలు 40 జీబీ అయిపోతే అది నిద్రలోనే ఉంటాది. ఎంజిన్‌ఎక్స్ లాగు, వర్డ్‌ప్రెస్ డీబగ్ లాగు జర్నల్‌డీ లోపల ఉండవు, అది వాటి జోలికే పోదు. అసలు వర్డ్‌ప్రెస్ డీబగ్ లాగు డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్లో పడుతాది, దానికి రొటేట్ అనేదే ఎవరూ పెట్టరు. అది పడేది /ఎస్‌ఆర్‌వీలో కాబట్టి అది వేరే ఉండడం కూడా మంచిదే.

ప్రొద్దుటూరుబంగారం · ప్రొద్దుటూరు

డాకర్ (ప్రోగ్రాంలని వేరే వేరే కంటైనర్లలో నడిపేది) వాడే ఉద్దేశం ఉంటే /వార్/లిబ్/డాకర్ కూడా లెక్కలో పెట్టుకోండి, పాత ఇమేజ్‌లు పేరుకుపోయి ఎంత తింటాదో అడ్డూ అదుపూ ఉండదు, పైగా డీఫాల్ట్‌గా కంటైనర్ లాగులకి హద్దే లేదు, మ్యాక్స్-సైజ్ మనమే పెట్టాలి

చిత్రావతి · అనంతపురం

డాకర్ వద్దులేన్నా, ఉన్నవే అర్థం చేసుకోలేక చస్తాండా.

అక్కా, మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ వేరే పెట్టాలంటే డేటా డైరెక్టరీ ఇంకోచోటికి మార్చి కాన్ఫిగ్‌లో రాయాలా? ఎక్కడో చదివితే అట్ల చేసినాక సర్వీసు లేవకుండా పోయింది అని రాసినారు.

సంగటిసర్వర్ · కడప

ఇది నేను చెప్తా, పొద్దున్నుంచి రాత్రిదాకా డేటాబేసులతోనే నా బతుకు. దారి మార్చొద్దు. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్‌కి యాప్‌ఆర్మర్ కాపలా ఉంటాది, నువ్వు డేటాని /డేటా/డీబీ అనో ఇంకోటనో పెడితే కాన్ఫిగ్‌లో సరిగ్గా రాసినా, పర్మిషన్లు సరిగ్గా ఇచ్చినా, అది లోపలికి పోనీయదు, లాగులో పర్మిషన్ డినైడ్ అని మాత్రం వస్తాది, మనం చౌన్ (ఓనర్‌ని మార్చే కమాండు) కొట్టి కొట్టి అలిసిపోతాం. మరియాడీబీకేమో సిస్టండీ (సర్వీసులని లేపేది) సర్వీసు ఫైల్లోనే /హోమ్ కిందికి పోకుండా అడ్డు ఉంటాది. ఈ గోలంతా ఎందుకు, కొత్త లాజికల్ వాల్యూమ్‌ని తీసుకొచ్చి అదే /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ మీద మౌంట్ చేయి, దారి మారలేదు కాబట్టి ఎవరికీ ఏం తెలీదు.

ఒక చిక్కుంది. ఎక్స్‌టీ4 ఫార్మాట్ చేస్తే దాంట్లో లాస్ట్+ఫౌండ్ అని ఒక ఫోల్డర్ తనంతట తాను వస్తాది. మైఎస్‌క్యూఎల్ రకాలకి డేటా డైరెక్టరీలో ప్రతి ఫోల్డరూ ఒక డేటాబేసే. కొన్ని వెర్షన్లలో షో డేటాబేసెస్ కొడితే హాష్ మైఎస్‌క్యూఎల్50 హాష్ లాస్ట్+ఫౌండ్ అని ఒక వింత పేరు కనపడుతాది. మరియాడీబీలో ఇగ్నోర్_డీబీ_డైర్స్ అనే సెట్టింగులో దాని పేరు రాస్తే కనపడకుండా పోతాది. ఆ ఫోల్డర్‌ని తీసేయాకు, ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టం తనిఖీ) నడిచినప్పుడు దారి తప్పిన ముక్కలు అక్కడే పడతాయి.

మార్చే పద్ధతి: సర్వీసు ఆపు, కొత్త వాల్యూమ్‌ని ముందు /ఎంఎన్‌టీ మీద మౌంట్ చెయ్, ఆర్‌సింక్ -ఏ తో కాపీ చెయ్, పాత ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టు, అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ చేసి దాని మీద మౌంట్ చెయ్, మౌంట్ అయినాక పైన ఫోల్డర్ ఓనర్ మైఎస్‌క్యూఎలేనా చూసుకో, సర్వీసు లేపు. వారం బాగా నడిచినాక పాతది తీసేయ్.

ఇంకోటి, మరియాడీబీ పెడతాండావు కాబట్టి సరిపాయ. మైఎస్‌క్యూఎల్ 8 పెట్టి ఉంటే దాంట్లో బిన్‌లాగ్ (డేటాబేసులో జరిగే మార్పుల రికార్డు) ముందే ఆన్ అయ్యుంటాది, 30 రోజులు దాచుకుంటాది, చిన్న డేటాబేసు పక్కన అంతకంటే పెద్ద బిన్‌లాగులు కూచుంటాయి. మరియాడీబీలో మనం ఆన్ చేస్తేనే.

ఉగ్గానిబజ్జి · అనంతపురం

మధ్యలో నాదొక ప్రశ్న. డీఎఫ్‌లో నిండింది అంటాది, డీయూ (ఫోల్డర్ల సైజు చూపేది) కొట్టి కూడుకుంటే సగం కూడా రాదు. ఇదేం మాయ?

బురుజుకాడ · కర్నూలు

రెండు కారణాలు ఎక్కువగా. ఎవరో పెద్ద లాగు ఫైలుని ఆర్ఎం కొట్టి తీసేసింటారు, కానీ ఆ ఫైలుని తెరిచిన ప్రోగ్రాం ఇంకా నడుస్తాంటాది. పేరు పోయింది, ఫైలు పోలేదు, ఆ ప్రోగ్రాం ఆగేదాకా జాగా వెనక్కి రాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1 కొడితే దొరికిపోతాది, ఆ సర్వీసుని రీస్టార్ట్ చేస్తే చాలు. రెండోది, మౌంట్ కింద దాక్కున్న ఫైళ్లు, దాని గురించి పాత డిస్కు దగ్గర చెప్తా.

జాగా ఉండి కూడా "నో స్పేస్" అంటే డీఎఫ్ -ఐ కొట్టు. ఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే ఎన్ని ఫైళ్లు పట్టాలో లెక్క కట్టేస్తాది, మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ (ఒక్కో ఫైలుకి కావాల్సిన ఒక చీటీ) చొప్పున. చిన్న చిన్న క్యాష్ ఫైళ్లు, సెషన్ ఫైళ్లు లక్షల్లో పడితే ఐనోడ్లు ముందు అయిపోతాయి. తర్వాత పెంచాలంటే వాల్యూమ్‌ని పెద్దది చేయాల, లేదంటే మళ్లీ ఫార్మాట్ చేయాల. ఫోటోల సైటుకి ఆ భయం తక్కువ. అయినా థంబ్‌నెయిల్ ప్లగిన్ ఒక్కో ఫోటోకి ఎన్ని సైజులు చేసి పెడుతాదో ఒకసారి చూసుకో.

ఏడురోడ్లు · కడప

ఇంతమంది చెప్తాంటే నేను కొంచెం మెత్తబడినా, సరే లాగులకి వేరే ఒప్పుకుంటా. కానీ /హోమ్, /యూఎస్‌ఆర్ (ప్రోగ్రాంలుండేది), /టెంప్ వేరే పెట్టడం మాత్రం సర్వర్‌కి శుద్ధ దండగ అని ఇప్పటికీ అంటా. సర్వర్‌లో /హోమ్‌లో ఏముంటాది, మన ఒక్కడి బాష్ హిస్టరీ తప్ప.

బురుజుకాడ · కర్నూలు

దాంట్లో నీతోనే నేను. /యూఎస్‌ఆర్ వేరే పెట్టే కాలం ఎప్పుడో పాయ, ఇప్పుడు /బిన్, /లిబ్ అన్నీ /యూఎస్‌ఆర్ లోపలికే లింకులు, దాన్ని వేరే చేసి లాభమేం లేదు. /హోమ్ కూడా అవసరంలేదు.

/టెంప్ గురించి మాత్రం ఒక మాట. ఎక్కడ చూసినా నోఎగ్జెక్ (దాంట్లోని ప్రోగ్రాంలు నడవకుండా ఆపేది) పెట్టు, సెక్యూరిటీ అంటారు. పెడితే కొన్ని ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు /టెంప్‌లో స్క్రిప్టు పెట్టి నడుపుకుంటాయి కదా, అవి తన్నుకుంటాయి. నోడెవ్ (డివైస్ ఫైళ్లు పనిచేయకుండా), నోసూయిడ్ (ప్రోగ్రాంలు ఓనర్ అధికారంతో నడవకుండా) పెట్టుకో, అడ్డు ఉండదు. నోఎగ్జెక్ పెట్టుకోవాలంటే ఫోటోలుండే /ఎస్‌ఆర్‌వీకి పెట్టు, అక్కడ నడిపే ప్రోగ్రాంలేం ఉండవు. అయినా ఒకటి గుర్తుపెట్టుకో, నోఎగ్జెక్ ఉన్నా పీహెచ్‌పీ ఫైళ్లు నడుస్తాయి, ఎందుకంటే దాన్ని నడిపేది పీహెచ్‌పీ, కెర్నల్‌కి అది చదివే ఫైలు మాత్రమే. అప్‌లోడ్స్ ఫోల్డర్లో పీహెచ్‌పీ నడవకుండా ఎంజిన్‌ఎక్స్‌లోనే ఆపాల.

చిత్రావతి · అనంతపురం

ఫోటోలు పెద్దవన్నా, ఒక్కోటి 20 ఎంబీ, కొన్ని జిప్‌లు 1 జీబీ దాకా. వర్డ్‌ప్రెస్ లోంచే ఎక్కిద్దామని. దానికేమన్నా జాగా వేరే చూసుకోవాలా?

తుంగభద్రమ్మ · కర్నూలు

బాగా అడిగినావు, దీని గురించి ఎవరూ చెప్పరు. 1 జీబీ ఫైలు ఎక్కిస్తే అది నేరుగా /ఎస్‌ఆర్‌వీలో పడదు. మొదట ఎంజిన్‌ఎక్స్ దాన్ని /వార్/లిబ్/ఎంజిన్‌ఎక్స్/బాడీలో దింపుకుంటాది. అంతా వచ్చినాక పీహెచ్‌పీకి ఇస్తే అది /టెంప్‌లో ఇంకో కాపీ చేసుకుంటాది. ఆ తర్వాత వర్డ్‌ప్రెస్ దాన్ని అప్‌లోడ్స్‌కి జరుపుతాది. /టెంప్, /ఎస్‌ఆర్‌వీ ఒకటే ఫైల్ సిస్టంలో ఉంటే జరిపేది క్షణం పని, పేరు మారుతాది అంతే. వేరే వేరే అయితే మొత్తం మళ్లీ కాపీ కావాల. అంటే ఒక్క ఫైలు కోసం కాసేపు రెండు మూడింతల జాగా కావాల, దాంట్లో రెండింతలు రూట్‌లో. నీకు రూట్ 30 కాబట్టి ఇబ్బంది లేదు. ఎవరన్నా ముచ్చటపడి /టెంప్‌కి 1 జీబీ పార్టిషన్ పెట్టుకుంటే మాత్రం అప్‌లోడ్ ఎందుకు తెగిపోతాందో ఎప్పటికీ అర్థం కాదు.

డెబియన్ 13 వేసుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాల, దాంట్లో /టెంప్ ఇప్పుడు ర్యామ్‌లోనే, సగం ర్యామ్ దాకా వాడుకుంటాది. 8 జీబీ ఉంటే 4 అన్నమాట.

ఎట్లాగూ పెద్ద ఫైళ్లకి ఎంజిన్‌ఎక్స్‌లో క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ మార్చాల, మామూలుగా 1 ఎంబీనే ఒప్పుకుంటాది. పీహెచ్‌పీలో 2 ఎంబీ. జిప్‌లయితే ఎస్‌ఎఫ్‌టీపీతో (నేరుగా సర్వర్ ఫోల్డర్లోకి ఫైళ్లు పంపేది) పంపు, ఈ తిరగడం అంతా తప్పుతాది.

సంగటిసర్వర్ · కడప

స్వాప్ ఎవరూ చెప్పలేదు. 8 జీబీ ర్యామ్‌కి 4 చాలు. ర్యామ్‌కి డబుల్ అనేది ర్యామ్ ఎంబీల్లో ఉన్నప్పటి మాట. సర్వర్‌ని హైబర్నేట్ చేయం కదా, అంత ఎందుకు. స్వాప్ అసలు లేకుండా మాత్రం పెట్టొద్దు, ర్యామ్ నిండితే కెర్నల్ ఎవర్నో ఒకర్ని చంపాల్సిందే, ఎక్కువసార్లు బలయ్యేది డేటాబేసే, పెద్దగా కనపడేది అదే కాబట్టి. ఉబుంటు స్వాప్ ఫైలు రూట్‌లో పెడుతాది, అట్లనే ఉన్నా పర్వాలేదు, పార్టిషన్ అయినా ఫైలైనా ఇప్పుడు పెద్ద తేడా లేదు.

ప్రొద్దుటూరుబంగారం · ప్రొద్దుటూరు

ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఇంకో ఫైల్ సిస్టం) పెట్టొచ్చు కదా, రెడ్‌హ్యాట్ లినక్స్ వాళ్లకి 7వ వెర్షన్ నుంచి అదే డీఫాల్ట్

బురుజుకాడ · కర్నూలు

మంచిదే, పెద్ద ఫైళ్లకి ఇంకా మంచిది. కాకపోతే పెంచుకోవచ్చు, తగ్గించలేవు. మనలాంటి చిన్న డిస్కుకి ఎక్స్‌టీ4 చాలు.

తిమ్మమ్మమర్రి · కదిరి

మొత్తం డిస్కు ఎన్‌క్రిప్ట్ చేస్తే? ఇంట్లో ఉండే బాక్సు కదా, దొంగ ఎత్తుకుపోతే?

తుంగభద్రమ్మ · కర్నూలు

చేసుకోవచ్చు, కానీ ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినాక బాక్సు లేచి పాస్‌వర్డ్ కోసం కూచుంటాది, నువ్వేమో ఊర్లో ఉండవు. గుళ్ల ఫోటోలకి అంత అవసరమా చూసుకో. బ్యాకప్ డిస్కు ఒక్కదానికి చేసుకున్నా సగం పని అయితాది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ఎక్స్‌టీ4కి జర్నల్ ఉంది, కరెంటు పోయినా ఫైల్ సిస్టం చెడిపోకుండా చూసుకుంటాది, ఆ చివరి కొన్ని సెకన్లలో రాసినదాన్ని కాపాడుతానని మాత్రం మాటియ్యలేదు. ఇన్నోడీబీ (మరియాడీబీలో డేటా దాచే భాగం) దాని జాగ్రత్త అది చూసుకుంటాది. ఇన్వర్టర్ లైన్ మీద పెట్టేవాళ్లు ఒక చిన్న యూపీఎస్ కూడా మధ్యలో పెట్టండి, ఇన్వర్టర్ మారే ఆ క్షణంలోనే కొన్ని డెస్క్‌టాప్‌లు రీస్టార్ట్ అవుతాయి.

చిత్రావతి · అనంతపురం

పాత 1 టీబీ డిస్కు మిగిలింది. ఫోటోలు దాంట్లోనే పెడితే ఎస్‌ఎస్‌డీ మిగులుతాది కదా?

బురుజుకాడ · కర్నూలు

ముందు స్మార్ట్‌సీటీఎల్ -ఏ (డిస్కు ఆరోగ్యం చూపేది) కొట్టి రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్లు అనే రెండు లైన్లు చూడు. చివరి అంకె సున్నా అయితే సంతోషం. పెండింగ్‌లో ఏమన్నా ఉంటే ఆ డిస్కు మీద ఏ ఆశా పెట్టుకోవద్దు. బాగుంటే బ్యాకప్‌కి వాడు, సైటు ఎస్‌ఎస్‌డీ మీదనే ఉండనీ, 80 జీబీ ఇచ్చినాం కదా.

పార్టిషన్ టేబుల్ జీపీటీ పెట్టు. 1 టీబీకి పాత రకం ఎంబీఆర్ అయినా పనిచేస్తాది కానీ 2 టీబీ దాటితే అది చేతులెత్తేస్తాది, రేపు పెద్ద డిస్కుకి మార్చినప్పుడు అలవాటు ఉంటాది. ఫార్మాట్ చేసినాక ఇంకో పని: ఎక్స్‌టీ4 ఐదు శాతం జాగా రూట్ యూజర్‌కి (సిస్టం అడ్మిన్‌కి) దాచిపెడుతాది. సిస్టం డిస్కుకి అది మంచిదే, నిండినా రూట్ యూజర్ లోపలికొచ్చి శుభ్రం చేసుకునే వీలుంటాది. 1 టీబీ బ్యాకప్ డిస్కుకి ఐదు శాతం అంటే 46 జీబీ ఊరికే కూచున్నట్టు. ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎం 1 కొడితే ఒక శాతానికి తగ్గుతాది.

ఇప్పుడు అసలైంది. /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) ఆ డిస్కుకి యూయూఐడీ (మారని గుర్తింపు నంబరు) రాయి, ఎస్‌డీఏ ఎస్‌డీబీ అని రాయాకు, కేబుల్ మారితే పేర్లు మారిపోతాయి. నోఫెయిల్ (డిస్కు లేకున్నా బూట్ ఆపొద్దు అని చెప్పేది) తప్పకుండా పెట్టు. అది లేకుంటే పాత డిస్కు ఏ రోజన్నా మొరాయిస్తే బూట్ అయ్యేటప్పుడు 90 సెకన్లు దానికోసం చూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడిపోతాది. మానిటర్ లేని బాక్సు, నెట్‌వర్క్ కూడా లేచి ఉండదు, ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లోపలికి పోయేకి కుదరదు. బ్యాకప్ డిస్కు పోయిందని సైటు పడుకోవడం అనేది ఉండకూడదు.

కానీ నోఫెయిల్ పెట్టినాక ఇంకో గుంత ఉంది, పైన ఉగ్గానికి చెప్తానన్నది ఇదే. డిస్కు మౌంట్ కాలేదు అనుకో, /బ్యాకప్ అనే ఖాళీ ఫోల్డర్ మాత్రం రూట్‌లో ఉంటాది. రాత్రి బ్యాకప్ స్క్రిప్టుకి అది తెలీదు, 60 జీబీ ఫోటోలు తీసుకొచ్చి ఆ ఫోల్డర్లో, అంటే 30 జీబీ రూట్‌లో కుక్కుతాది. పొద్దునకి రూట్ ఫుల్లు. నువ్వొచ్చి రీబూట్ చేస్తావు, డిస్కు ఈసారి మౌంట్ అయితాది, కుక్కిన ఫైళ్లు దాని కింద దాక్కుంటాయి, డీయూకి కనపడవు. దీనికి మందు రెండు రకాలు, రెండూ చేసుకో. స్క్రిప్టు మొదటి లైన్లోనే మౌంట్‌పాయింట్ -క్యూ /బ్యాకప్ అని చూసి, కాకపోతే ఆగిపొమ్మను. ఇంకోటి, డిస్కు మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్‌అట్టర్ +ఐ కొట్టు. అప్పుడు రూట్ యూజర్ కూడా దాంట్లో ఏం రాయలేడు, డిస్కు మౌంట్ అయినాక మాత్రం మామూలుగా రాసుకోవచ్చు.

ఉగ్గానిబజ్జి · అనంతపురం

వార్నీ! నాదీ ఇదే. అన్‌మౌంట్ చేసి చూస్తే కింద 38 జీబీ కూచోనుంది. సీహెచ్‌అట్టర్ కొట్టేసినా, థాంక్సన్నా.

సంగటిసర్వర్ · కడప

బ్యాకప్‌లో డేటాబేసు ఫైళ్లని నడుస్తాండంగనే ఆర్‌సింక్ చేయాకండి, పైకి బాగానే కనపడుతాది, తిరిగి పెడితే లేవకపోవచ్చు. మరియాడీబీ-డంప్ --సింగిల్-ట్రాన్సాక్షన్ చాలు ఈ సైజుకి. అదే బాక్సులో ఉండే డిస్కు మీద బ్యాకప్ అంటే పిడుగు పడితే రెండూ పోతాయి, కాబట్టి వారానికొక కాపీ ఇంకోచోట, మీ అన్న ఇంట్లోనో ఆఫీసులోనో, పెట్టుకో.

వేదిక నిర్వాహకులు

ఇంట్లో కనెక్షన్‌కి పబ్లిక్ ఐపీ రాకపోతే సైటుని బయటికి ఎట్ల చూపించాలని ఇద్దరు మెసేజ్ పెట్టినారు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ డిస్కు సంగతే.

చిత్రావతి · అనంతపురం

మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా. ఇప్పుడు నాది ఇట్ల ఉంది: రూట్ 30, /వార్/లాగ్ 5, /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ 10, /ఎస్‌ఆర్‌వీ 80, స్వాప్ 4. వీఫ్రీ కింద 106 చూపిస్తాంది. /వార్ వేరే పెట్టలేదు, అక్క చెప్పిన పద్ధతే పెట్టినా, బురుజన్న ఏమనుకోవద్దు. పాత డిస్కు స్మార్ట్‌లో రెండూ సున్నానే, /బ్యాకప్‌కి నోఫెయిల్ పెట్టినా, ఖాళీ ఫోల్డర్‌కి +ఐ కొట్టినా. రీబూట్ చేసేముందు ఇంకేమన్నా చూసుకోవాలా? ఒకసారి ఎస్‌ఎస్‌హెచ్ పోతే మళ్లీ టీవీని పీకి దీనికి తగిలియ్యాల, అమ్మ సీరియల్ టైం.

తుంగభద్రమ్మ · కర్నూలు

ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై కొట్టు, ఎఫ్‌స్టాబ్‌లో అక్షరం తప్పున్నా చెప్తాది. తర్వాత మౌంట్ -ఏ. రెండూ ఏ తప్పూ చూపకపోతే రీబూట్ చెయ్. అది అయినాక బాక్సు ఆపి పాత డిస్కు కేబుల్ పీకి ఇంకోసారి లేపి చూడు, అప్పుడే నోఫెయిల్ నిజంగా పనిచేస్తాందో లేదో తెలిసేది.

బురుజుకాడ · కర్నూలు

అనుకునేదేముంది, అక్క పద్ధతే బాగుంది. ఆ 106ని చూసి చెయ్యి దురద పెడితే మాత్రం ఓర్చుకో. ఫోటోలు 70 దాటినప్పుడు ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +20జీ, సైటు ఆపే పనే లేదు. ఆ -ఆర్ మర్చిపోతే వాల్యూమ్ పెరుగుతాది, లోపల ఫైల్ సిస్టం పెరగదు, డీఎఫ్‌లో పాత అంకె చూసి కంగారు పడతావు.

చిత్రావతి · అనంతపురం

కేబుల్ పీకి లేపినా. కాసేపు ఆలస్యంగా అయినా లేచింది, సైటు వచ్చింది, బ్యాకప్ స్క్రిప్టుని చేత్తో నడిపితే మౌంట్ కాలేదు అని చెప్పి ఆగిపోయింది. ఆ ఆలస్యం 90 సెకన్ల దేనా? ఇంకా ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ అని ఏదో చేయాలంటారు, ఎఫ్‌స్టాబ్‌లో డిస్కార్డ్ పెట్టాలా?

బురుజుకాడ · కర్నూలు

నోఫెయిల్ ఉంటే మామూలుగా దానికోసం ఆగకూడదు, ఆలస్యం దేనివల్లో సిస్టండీ-అనలైజ్ బ్లేమ్ కొడితే కనపడుతాది. ఎక్కువసార్లు అది నెట్‌వర్క్ కోసం వేచి ఉండే సర్వీసు. అయినా ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైనుకి ఎక్స్-సిస్టండీ.డివైస్-టైమౌట్=10ఎస్ కలుపుకో, ఉంటే నష్టం లేదు. డిస్కార్డ్ పెట్టొద్దు, ఉబుంటులో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ ముందే ఆన్ అయ్యుంటాది, ఖాళీ అయిన జాగా ఏదో ఎస్‌ఎస్‌డీకి వారానికొకసారి అదే చెప్తాది. సిస్టంసీటీఎల్ స్టేటస్ ఎఫ్‌ఎస్‌ట్రిమ్.టైమర్ కొట్టి యాక్టివ్ అని ఉందేమో చూసుకో చాలు.

చిత్రావతి · అనంతపురం

యాక్టివ్ అనే ఉంది. బ్లేమ్‌లో పైనున్నది నెట్‌వర్క్‌దే, పాత డిస్కుది కాదు. ఈరాత్రికి గుత్తి కోట ఫోటోలు ఎక్కిస్తాండా, ఎస్‌ఎఫ్‌టీపీతోనే.